పది వేల చిల్లరలో బెడ్‌రూమ్ మిక్సింగ్ గది: ఫోమ్, కొబ్బరి పీచు, రాక్‌వూల్ మూడూ వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో పాటలు మిక్స్ చేసుకునేవాళ్ళు, అంటే గొంతు, వాయిద్యాల పాళ్ళు కుదిర్చి పాట తయారుచేసేవాళ్ళు, గదిలో మోత తగ్గడానికి గోడకి అంటించే అంగుళం మందం ఫోమ్ ప్యాకెట్ కొనకండి. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి రాక్‌వూల్ (రాతి నార) పలకలు తెప్పించుకోండి. ఊళ్ళో వడ్రంగి మేస్త్రి చేత ఫ్రేములు, పరుపులు కుట్టే ఆయన చేత గుడ్డ తొడుగులు చేయించుకోండి. నేను చేయించుకున్న ఎనిమిది ప్యానెళ్ళకి అన్నీ కలిపి 10,420 రూపాయలు అయ్యింది. ఈ మొత్తం పనికి ఐదులో నాలుగున్నర మార్కులు వేస్తాను, ఆ అర మార్కు ఎక్కడ పోయిందో కింద చెప్తాను.

మాది వీరవాసరం దగ్గర పల్లె, అటు భీమవరం ఇటు పాలకొల్లు. జాతర పాటలు, చర్చి పాటలు, షార్ట్ ఫిల్ములకి మ్యూజిక్, ఇవీ నా గదిలో జరిగే పనులు. స్పీకర్లు ఐదంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే భాగం) ఉన్న యమహా హెచ్‌ఎస్5 జత. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, శ్లాబు 10 అడుగుల ఎత్తు. మన వైపు ఇప్పుడు కట్టే ఇళ్ళల్లో చాలా బెడ్‌రూములు కొంచెం అటూ ఇటూగా ఇవే కొలతలు కాబట్టి నేను చెప్పేది మీలో చాలామందికి పనికొస్తుందనే ఇంత వివరంగా రాస్తున్నా.

నేలకి టైల్స్, గోడలకి పుట్టీ కొట్టి నున్నటి పెయింటు. ఉండటానికి హాయిగా ఉంటుంది కానీ మిక్సింగ్‌కి అంతకన్నా చెడ్డ గది ఉండదు. ఎదురెదురు గోడల మధ్య శబ్దం, కాలవలో పడవ పోయాక ఈ గట్టుకీ ఆ గట్టుకీ కొట్టుకునే అలలాగా తిరుగుతూనే ఉంటుంది. అల పొడవులో సగం సరిగ్గా గోడల మధ్య దూరానికి సరిపోయిందంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర గదే మోగడం మొదలుపెడుతుంది. లెక్క సులువే. మన ఊరి వేడికి శబ్దం సెకనుకి దాదాపు 349 మీటర్లు పోతుంది, దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 10 అడుగులంటే 3.05 మీటర్లు, అంటే 57 హెర్ట్జ్ (సెకనుకి 57 కంపనాలు). 12 అడుగులకి 48 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఇక్కడ వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే అవడం వల్ల రెండు మోతలూ ఒకేచోట, 57 దగ్గరా దాని రెట్టింపు 114 దగ్గరా, ఒకదాని మీద ఒకటి పడతాయి. కొత్తగా ఇల్లు కట్టుకుంటూ ఒక గది సంగీతానికి ఉంచుకోవాలనుకునేవాళ్ళు మేస్త్రితో ముందే మాట్లాడి వెడల్పు, ఎత్తు, పొడవు మూడూ వేరేవేరేగా ఉండేట్టు చూసుకోండి, పైసా ఖర్చు లేని పని అది.

రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కొలత మైకు మాత్రం కావాలి. భీమవరంలో సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిచ్చే అన్నయ్య దగ్గర ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ స్పీకర్లోంచి కింది స్వరం నుంచి పై స్వరం దాకా ఒక కూత పంపిస్తుంది, మైకు విన్నదాన్ని గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ప్యానెళ్ళు పెట్టకముందు నా కుర్చీ దగ్గర 57 చుట్టూ పెద్ద గుంట, 114 చుట్టూ పెద్ద గుట్ట కనపడ్డాయి. ఎందుకంటే మిక్స్ చేసేవాడు రెండు పక్క గోడలకీ సరిగ్గా మధ్యలోనే కూర్చోవాలి, ఆ మధ్య గీత మీద 57 ఒత్తిడి దాదాపు చచ్చిపోతుంది, 114 మాత్రం అక్కడే బలం పుంజుకుంటుంది. బేస్ గిటార్‌లో 'A' అనే తీగని వేలితో నొక్కకుండా వదిలేసి మీటితే 55 హెర్ట్జ్, అంటే అది గుంటలో పడిపోతుంది. మగ గొంతు కింది భాగం, డోలు దెబ్బలో ఉండే దిటవు 114 పక్కన ఉంటాయి, అవి గుట్ట ఎక్కి కూర్చుంటాయి. ఇలాంటి గదిలో ఏం చేస్తాం? బేస్ చాలట్లేదని పెంచుతాం, గొంతు బొంగురుగా ఉందని కింద కోసేస్తాం. తీరా ఆ పాట కారులో పెడితే అద్దాలు దడదడలాడిపోతాయి, గొంతేమో సన్నగా గాలిలో తేలుతుంది. ఇంటి మిక్స్‌లు బయట తేడా కొట్టడానికి చాలాసార్లు ప్లగిన్లు (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడే ఎఫెక్టులు) కారణం కాదు, గదే కారణం. ప్లగిన్ల మీద ఖర్చు పెట్టే కుర్రాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఆ డబ్బుతో గది బాగుపడిపోతుంది.

డబ్బు తీసేముందు కుర్చీ, స్పీకర్లు జరపండి. గది పొడవు వెంట చూస్తూ, అంటే ముఖం చిన్న గోడ వైపు ఉండేట్టు కూర్చోవాలి. ముందు గోడ నుంచి చెవి దాకా గది పొడవులో 38 శాతం దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరిగి చూడమంటారు, 12 అడుగుల గదిలో అది నాలుగున్నర అడుగులు. గది సరిగ్గా నడిమధ్యలో, అంటే ఆరు అడుగుల దగ్గర, అస్సలు కూర్చోకండి. స్పీకర్ల మధ్య నాలుగు అడుగులు, చెవికి ఒక్కో స్పీకరు నాలుగు అడుగులు. స్పీకర్లని గోడకి దూరంగా జరపమని చాలామంది చెప్తారు, చిన్న గదిలో ఆ మాట వినకండి. స్పీకరు ముఖం గోడకి మూడు అడుగుల దూరంలో ఉంటే వెనక్కి వెళ్ళి గోడకి కొట్టి వచ్చిన శబ్దం ముందుకి వెళ్ళే శబ్దాన్ని 95 హెర్ట్జ్ దగ్గర కొట్టేస్తుంది, ఆ గుంటని ఏ ప్యానెలూ పూడ్చలేదు. ముఖం ఒక అడుగు దూరంలో ఉండేట్టు గోడ దగ్గరికి నెట్టేస్తే ఆ గుంట 290 దగ్గరికి పోతుంది, అక్కడ నష్టం తక్కువ, పైగా స్పీకరు వెనక రెండంగుళాల పలక పెట్టినా ఎంతో కొంత తగ్గుతుంది. గోడ దగ్గరకి నెట్టినప్పుడు బేస్ మొత్తంగా కాస్త ఉబ్బుతుంది, దానికి హెచ్‌ఎస్5 వెనక రూమ్ కంట్రోల్ అని మీట ఉంది, 500 హెర్ట్జ్ కింద రెండో నాలుగో డెసిబెళ్ళు తగ్గిస్తుంది. నేను రెండు దగ్గర పెట్టాను. వెనకాల గాలి రంధ్రం ఉన్న స్పీకరు కాబట్టి గోడకి అర జానెడు సందు మాత్రం వదలండి.

ఇక ఫోమ్ సంగతి. తాడేపల్లిగూడెంలో మా పిన్ని కొడుకు గదిలో నాలుగు గోడలకీ ఆన్‌లైన్‌లో దొరికే ముళ్ళ ముళ్ళ ఫోమ్ అంటించి ఉంది, చదరం అడుగు, మందం అంగుళం. మైకు తీసుకెళ్ళి అక్కడా కొలిచాను. చప్పట్లు కొడితే టంగున తిరిగొచ్చే మోత లేదు, ఆ మేరకి పని చేసింది. కానీ అది మింగేది ప్రధానంగా వెయ్యి హెర్ట్జ్‌కి పైన ఉన్నవే. 114 హెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్లు, దానికి అంగుళం ఫోమ్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. గోడలన్నీ కప్పేసరికి పై స్వరాలు పూర్తిగా చచ్చిపోయి, బేస్ మాత్రం అలాగే గుయ్యిమంటూ మిగిలింది. ఆ గదిలో మిక్స్ చేస్తే పాట మెరుపు లేనట్టు వినపడుతుంది, మనం ట్రెబుల్ పెంచుకుంటూ పోతాం, బయట ఆ పాట చెవుల్లో గుచ్చుకుంటుంది. వాడి పాటల్లో తాళాలు, గజ్జెలు అన్నీ అలాగే గుచ్చుకునేవి. దానికి తోడు మన ఉక్కకి జిగురు వదిలేసి ముక్కలు ఊడి పడుతున్నాయి, పడుతూ పడుతూ పెయింటు పెచ్చులు కూడా పట్టుకొస్తున్నాయి. కిటికీ పక్కన ఎండ తగిలినవి పసుపెక్కి, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. ఐదులో ఒకటిన్నర, అది కూడా చప్పట్ల మోత తగ్గించినందుకు.

నిప్పు విషయం వేరేగా చెప్పాలి. మామూలు పాలీయూరిథేన్ ఫోమ్ అంటుకుందంటే నిమిషాల్లో గది పొగతో నిండిపోతుంది, ఆ పొగలోనే విషం. 2003లో అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో స్టేజీ వెనక గోడకి శబ్దం కోసం అంటించిన ఫోమ్‌కి బాణసంచా రవ్వలు తగిలి 100 మంది చనిపోయారు. 2013లో బ్రెజిల్‌లో సాంటా మారియా ఊళ్ళో ఒక నైట్‌క్లబ్‌లో పైకప్పు ఫోమ్‌కి అలాగే అంటుకుని 242 మంది పోయారు. మన బెడ్‌రూమ్‌లో బాణసంచా ఉండదు, నిజమే. కానీ స్విచ్‌బోర్డు చుట్టూ, ఎక్స్‌టెన్షన్ బాక్సు వెనకాల, దీపం పెట్టే గూడు పక్కన ఫోమ్ అంటించిన గదులు నేను చూశాను. దయచేసి అది మాత్రం పీకెయ్యండి.

గుడ్ల అట్టల గురించి కూడా అడుగుతూనే ఉంటారు, తణుకు, అనపర్తి చుట్టూ కోళ్ళ ఫారాలు కాబట్టి మనకి అవి ఊరికే దొరుకుతాయి. సన్నటి అట్ట, బరువు లేదు, మందం లేదు. పై స్వరాలని అక్కడక్కడా కొంచెం చెదరగొడుతుంది అంతే, దుమ్ము పట్టుద్ది, బల్లులు చేరతాయి, నిప్పుకి భయం. వద్దు.

కొబ్బరి పీచు మీద నాకు చాలా ఆశ ఉండేది. కోనసీమ పక్కనే ఉండి రాళ్ళ నుంచి తీసిన దూది ఎక్కడి నుంచో తెప్పించుకోవడం ఏంటి అనిపించింది. పరుపుల్లో వేసే రబ్బరు కలిపిన కాయర్ షీటు, రెండంగుళాల మందంది, రెండు ముక్కలు కొని ఒకదాని మీద ఒకటి వేసి గోడకి రెండంగుళాల ఎడంలో పెట్టి కొలిచాను. మధ్య స్వరాల నుంచి పైకి చక్కగా మింగుతోంది, ఫోమ్‌తో పోలికే లేదు. కాయర్‌లో సందులు పెద్దవి, గాలి మరీ తేలిగ్గా దూరిపోతుంది కాబట్టి కింది స్వరాల దగ్గర అదే మందం రాక్‌వూల్ అంత పట్టు లేదు. కత్తిరించినచోట పొడి రాలుతూనే ఉంటుంది, వానల్లో కొంచెం రబ్బరు వాసన, నిప్పుకి అదీ అంటుకుంటుంది. పక్క గోడలకి మాత్రం వాడొచ్చు, కరెంటు తీగలకి దూరంగా. మూడు మార్కులు. మన దగ్గరే దొరికే సరుకు కాబట్టి ఇంకో అర వెయ్యాలని ఉంది కానీ విన్నదే చెప్పాలి కదా.

ఇక్కడ ఒక పెద్దాయన సంగతి చెప్పకుండా ఉండలేను. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాట్లాడితే మోత తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. బాగుచెయ్యమని వాలెస్ సాబిన్ అనే కుర్ర ఫిజిక్స్ పంతులికి అప్పగించారు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక ఆర్గన్ గొట్టం, స్టాప్‌వాచ్, తన చెవి. దగ్గర్లో ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మీద పరుపులు రాత్రిపూట మోయించుకొచ్చి, ఎన్ని పరుపులు పెడితే మోత ఎన్ని సెకన్లలో ఆగుతుందో కొలిచి, తెల్లారేసరికి మళ్ళీ తీసుకెళ్ళి పెట్టేవారు. కొలతలన్నీ మీటర్లలో తీసుకుని, గది ఘనపరిమాణాన్ని అందులో శబ్దం మింగే సరుకుతో భాగించి 0.161తో గుణిస్తే మోత ఎన్ని సెకన్లో వస్తుంది, ఇప్పటికీ వాడేది ఆయన సూత్రమే. 1900లో మొదలైన బోస్టన్ సింఫనీ హాలుకి శబ్దం లెక్కలు చూసింది కూడా ఆయనే. శాస్త్రం పరుపులతోనే మొదలైంది, అందుకే పరుపుల కొట్టుకి వెళ్ళడానికి మొహమాటపడక్కర్లేదు.

రాక్‌వూల్ అంటే రాయిని కరిగించి తీసిన నార. బాయిలర్లు, వేడి పైపుల చుట్టూ కట్టడానికి వాడతారు. వెయ్యి డిగ్రీల దాకా కరగదు, నిప్పు అంటుకోదు. విజయవాడలో ఇన్సులేషన్ సామాన్లు అమ్మే కొట్టు నుంచి తెప్పించాను, నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండంగుళాల మందం, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న పలకలు. నాకు పడిన రేటు పలక 220 రూపాయలు, పదహారు పలకలకి 3,520. పార్సిల్ 400. రెండేసి పలకలు కలిపి నాలుగంగుళాల ప్యానెల్ ఒకటి, మొత్తం ఎనిమిది.

ఫ్రేములకి ఊళ్ళో వడ్రంగి మేస్త్రిని అడిగాను. నేను పైన్ చెక్క అనుకుంటే ఆయన "పైను వద్దండి, ఈ గోడలకి చెమ్మ, రెండేళ్ళకి చెద పట్టేసుద్ది, వేప రీపర్లు పెట్టుకోండి" అన్నాడు. వేప అడుగు 25 చొప్పున 96 అడుగులు, 2,400. కూలి 1,600. పలకలు ముందుకి పొంగకుండా వెనక అడ్డంగా రెండేసి సన్న పట్టీలు కొట్టమని నేను చెప్పలేదు, ఆయనే కొట్టాడు. ఫ్రేమ్‌తో కలిపి ఒక్కో ప్యానెల్ ఒక మనిషి ఎత్తగలిగే బరువే. పనిలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు, మూలలు సరిగ్గా లంబంగా ఉన్నాయి, ఐదుకి ఐదు.

తొడుగులు పాలకొల్లులో పరుపులు కుట్టే కొట్లో కుట్టించాను. గుడ్డ ఎంచుకోవడానికి ఒకటే పరీక్ష, నోటికి ఆనించి ఊదితే అవతల చేతికి గాలి బాగా తగలాలి. గాలి ఆగితే శబ్దమూ అక్కడే ఆగి వెనక్కి కొడుతుంది. రెగ్జిన్, సోఫా వెల్వెట్, వెనక రబ్బరు పూసిన కర్టెన్ గుడ్డ పనికిరావు. కేస్‌మెంట్ కాటన్ తీసుకున్నాను, 1,400 అయ్యింది. లోపల నార బయటికి రాకుండా అమ్మ పాత కాటన్ చీరలు ముందూ వెనకా ఒక వరస చుట్టాను. నేను బిగించి కుట్టెయ్యమంటే కొట్టాయన ఒప్పుకోలేదు.

"బిగించి కుట్టేస్తే ఎలాగ బాబూ, మన వానలకి బూజు పట్టిందంటే విప్పి ఉతుక్కోవద్దూ? వెనకాల నాడాలు పెడతాను."

"వదులైపోయి ముడతలు పడవు కదా బాబాయ్?"

"ఆయ్, ఒక అరంగుళం తక్కువే కోస్తాను, లాక్కుని కట్టుకోండి."

అలాగే కుట్టాడు, ఆ నాడాల విలువ మొన్న వానాకాలం దాటాక తెలిసింది. ముందు గోడ మూలలో ఉన్న రెండు తొడుగుల మీద చుక్కలు కనపడితే విప్పి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేశాం, కొత్తవాటిలా ఉన్నాయి. కుట్టు కూలి ఎనిమిదింటికీ 800. ఒక ఇబ్బంది ఏంటంటే పెళ్ళిళ్ళ సీజన్లో ఇస్తే ఇస్తానన్న రోజుకి ఇవ్వలేదు, ఫోన్ చేసినప్పుడల్లా రేపు అన్నాడు. ఒక తొడుగు మరీ బిగుతైతే తీసుకెళ్ళగానే మాట మాట్లాడకుండా అక్కడే సరిచేశాడు. నాలుగు మార్కులు, పెళ్ళిళ్ళు లేనప్పుడు వెళ్ళండి, శూన్యమాసం అయితే ఇంకా మంచిది. కొక్కేలు, మరలు, గొలుసు ముక్కలకి ఇంకో 300.

రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు చేతులకి గ్లౌజులు, ముక్కుకి మంచి మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకుని ఇంటి బయట అరుగు మీద పని చేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఒళ్ళు దురద పెడుతుంది, ముందు చన్నీళ్ళతో కడుక్కోవాలి. క్యాన్సర్ వస్తుందని భయపెట్టేవాళ్ళున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ప్రచురించిన నివేదికలో రాక్‌వూల్‌ని మూడో గ్రూపులో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తుందని వర్గీకరించడానికి తగిన ఆధారం లేనివాటిలో పెట్టారు. అలాగని నార పీల్చమని కాదు. గుడ్డ చుట్టి గోడకెక్కాక దాని జోలికి పోనవసరం లేదు.

పెట్టే పద్ధతిలో మన డెల్టాకి తగ్గట్టు రెండు మూడు మార్పులు చేసుకున్నాను, అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది వాటి కోసమే. బేస్ పేరుకునేది మూలల్లో, కానీ శబ్దానికి నేల మూలైనా పైకప్పు మూలైనా ఒకటే. మన గోడలు కింద నుంచే చెమ్మ పీలుస్తాయి, కింద మూలల్లో బీరువా, బియ్యం డ్రమ్ము, ఏదో ఒకటి ఉంటుంది. అందుకని వెనక గోడా శ్లాబూ కలిసేచోట రెండు ప్యానెళ్ళు ఏటవాలుగా వేలాడదీశాను, వాటి వెనక ముక్కోణం ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ కూడా బేస్‌కి పని చేస్తుంది. ముందు గోడ రెండు మూలల్లో నిలువుగా రెండు, నేలకి అడుగు ఎత్తులో. మిగతావి ఏవీ గోడకి ఆనించలేదు, రెండు మూడు అంగుళాల ఎడం. ఆ ఎడం వల్ల ఇంకా కింది స్వరాల దాకా మింగుతుంది, గోడకి గాలి ఆడి చెమ్మ నిలవదు, రెండు లాభాలు ఒకేసారి.

పక్క గోడలకి ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మీరు కుర్చీలో కూర్చుని ఇంకొకరిని గోడ వెంట అద్దం జరపమనండి, అద్దంలో స్పీకరు కనపడినచోట ప్యానెల్ పెట్టాలి. మా చెల్లి అద్దం పట్టుకుంది. పైకప్పుకి కూడా ఒకటి కావాలి, అక్కడ అందరికీ వచ్చే అడ్డంకి ఫ్యాను. నా గదిలో ఫ్యాను నడిమధ్యలో ఉంది, 1,200 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాను, రెక్క కొస ముందు గోడకి నాలుగు అడుగుల దగ్గర తిరుగుతుంది. స్పీకరుకీ చెవికీ మధ్య శ్లాబు మీద అద్దం చోటు రెండు ముప్పావు అడుగుల దగ్గర పడుతుంది, ప్యానెల్ వెడల్పు రెండు అడుగులు, అంటే మూడు ముప్పావు దగ్గర ఆగిపోతుంది. మూడంగుళాల సందుతో సరిపోయింది. ఇది శ్లాబుకి యాంకర్ బోల్టులు వేసి, నాలుగు మూలలా గొలుసుతో కట్టించాలి, తల మీద వేలాడే బరువు, మేకులతో కక్కుర్తి పడకండి. ఎనిమిదోది వెనక గోడకి, మంచం తలవైపు.

ఇవి కాక ఉచితంగా ఒకటి ఉంది. అటక మీద పాత పత్తి పరుపులు ఉంటే గట్టిగా చుట్టి తాడు కట్టి వెనక మూలలో పీట మీద నిలబెట్టండి. అడుగు మందం పత్తి అంటే మాటలు కాదు, డబ్బు లేనివాళ్ళు ముందు ఇదే చెయ్యండి. స్టీలు బీరువా గదిలోనే ఉంటే తలుపు సందుల్లో గుడ్డ పీలికలు దూర్చండి, 80 హెర్ట్జ్ దగ్గర నా బీరువా తలుపు జిమ్మని మోగుతూ ఉండేది, అది పాటలో ఉందేమోనని ఎవరైనా వెతుక్కుంటారు.

ఇంతా చేశాక మళ్ళీ కొలిస్తే, 114 దగ్గర గుట్ట ఐదు డెసిబెళ్ళ దాకా తగ్గింది, అంతకన్నా ముఖ్యంగా దెబ్బ పడ్డాక ఆ మోత సాగే సమయం సగానికి వచ్చింది. ఎనిమిది ప్యానెళ్ళ వైశాల్యం దాదాపు ఆరు చదరపు మీటర్లు, సాబిన్ లెక్క వేస్తే మంచం, బట్టలు ఉన్న నా గదిలో మధ్య స్వరాల మోత అర సెకను దగ్గర్నుంచి సెకనులో మూడో వంతుకి రావాలి, కొలతలోనూ దానికి దగ్గరగానే వచ్చింది. వినడంలో తేడా డప్పుల దగ్గర తెలుస్తుంది. ఇంతకు ముందు నాలుగు డప్పులు కలిపి కొడితే ఒకటే ముద్దగా ఉండేది. ఇప్పుడు ఎవరి దెబ్బ ఎక్కడ పడిందో వేరేగా వినపడుతుంది, సన్నాయికి ఎంత రివర్బ్ (సాఫ్ట్‌వేర్‌తో కలిపే మోత) ఇచ్చానో నాకు నిజంగా తెలుస్తుంది. ఈ గదిలో మిక్స్ చేసిన జాతర పాట ఊరేగింపులో బాక్సుల మీద పెట్టినప్పుడు బేస్ ఎంత ఉండాలనుకున్నానో అంతే వచ్చింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

57 దగ్గర గుంట మాత్రం కొంచెం పూడింది కానీ పోలేదు. నాలుగంగుళాల ప్యానెల్‌తో పోదు కూడా, ఆ అల పొడవు ఆరు మీటర్లు. ఈక్వలైజరుతో పెంచినా నిండదు, ఎంత పెంచితే గది అంత కొట్టేస్తుంది, వూఫర్ మాత్రం అలిసిపోతుంది. ఆ చోట నేను హెడ్‌ఫోన్స్‌లో చూసుకుని నిర్ణయం తీసుకుంటాను. అర మార్కు తగ్గించింది దీనికే.

ఇంకో మాట, ఇవేవీ బయటి శబ్దాన్ని ఆపవు. రొయ్యల చెరువుల ఏరేటర్లు మా ఇంటి వెనక రాత్రంతా తిరుగుతాయి, వానాకాలం కప్పలు సరేసరి. ప్యానెళ్ళు పెట్టాక కూడా అవి అంతే వినపడతాయి. గది లోపలి మోత తగ్గించడం వేరు, గోడ దాటి రాకుండా ఆపడం వేరు. ఆపాలంటే బరువు కావాలి, సందులు మూసుకుపోవాలి. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద సందుకి అడ్డుపట్టీ వేస్తే కొంత మేలు, పాట రికార్డింగ్ కరెంటు పోయే టైము చూసుకుని పెట్టుకోకపోతే చాలు, ఎందుకంటే అప్పుడు చెరువుల దగ్గర జనరేటర్లు మొదలవుతాయి.

పది వేలు ఒకేసారి లేకపోతే ముందు స్పీకర్లు, కుర్చీ జరపండి, పత్తి పరుపులు మూలన పెట్టండి. తర్వాత రెండున్నర వేలు చేతికొచ్చినప్పుడు పక్క గోడలకి రెండు ప్యానెళ్ళు, ఆ తర్వాత పైకప్పుది, ఆఖర్న మూలలు. కొట్టుకి ఫోన్ చేసినప్పుడు 48 డెన్సిటీ, 50 మిల్లీమీటర్లు, రేకు లేనిది అని మూడూ విడివిడిగా చెప్పండి, ఎందుకంటే ఒకవైపు అల్యూమినియం రేకు అంటించినది కూడా అమ్ముతారు, ఆ రేకు గదివైపు ఉంటే పై స్వరాలన్నీ అద్దంలా వెనక్కి కొట్టేస్తుంది. వానల్లో తెప్పించుకుంటే లారీ ఆఫీసులో ప్యాకింగ్ కవరు చిరగలేదని చూసుకుని సంతకం పెట్టండి, లోపల తడిస్తే ఎండటానికి వారం పడుతుంది.